కష్టార్జితం ఎవరి చేతికి?

పుదుచ్చేరి పట్టణానికి నైరుతి దిక్కున, నెట్టపాక్కం కొమ్యూనులో ఏంబలం అనే పల్లె ఉన్నది. వరి, చెరకు పండే ప్రాంతం. పొలిమేర దాటితే తమిళనాడు. మరి కొంత దూరం పోతే మళ్ళీ పుదుచ్చేరి. 1954 మార్చి ఆఖరున విలీనవాదులు ఫ్రెంచి ఠాణాను స్వాధీనపరచుకొని తాత్కాలిక ప్రభుత్వాన్ని ప్రకటించినది ఈ నెట్టపాక్కంలోనే. అటువంటి పల్లెలో మిల్లు కార్మికుని ఇంట ఒక రేకు పెట్టె ఉన్నదనుకొందాము. పెట్టె అడుగున తాత కాలంలో ఫ్రెంచి నోటరీ ఎదుట వ్రాయించిన భూమి దస్తావేజు. దాని మీద తండ్రి మిల్లులో చేరిననాడు పూరించిన భవిష్యనిధి నామినేషను నకలు. అన్నిటికన్న పైన, కుమారుడు పట్టణ శివారులో చౌకగా వచ్చినదని కొన్న ఇంటి స్థలానికి చేతికిచ్చిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. మూడు తరాలు, మూడు కాగితాలు. ఇంటి యజమాని కన్నుమూసిన నాడు ఈ మూడింటిలో ఏది నిలుచునో, ఏది వీగిపోవునో ఆ ఇంటిలో ఎవరికీ తెలియదు.

ఈ విషయం మీద సంపాదకీయమా అని కొందరు మిత్రులు ఆశ్చర్యపడవచ్చును. వీలునామా అన్నది భూస్వాములకు, షావుకారులకు సంబంధించిన వ్యవహారమని మనలో ఒక అభిప్రాయం పాతుకొనిపోయి ఉన్నది. మనకేమున్నది వ్రాయటానికి అన్న మాట సమావేశాలలో తరచు వింటున్నాము. వాస్తవం ఇందుకు విరుద్ధము. ధనవంతుని ఇంట తగాదా వస్తే న్యాయవాదులను పెట్టుకొని పదేళ్ళు పోరాడగలరు. కార్మికుని భార్య పదినెలలు కూడ ఆగలేదు. పది నెలల అద్దె, పిల్లల ఫీజులు, ఆసుపత్రిలో చేసిన అప్పు ఆమె గుమ్మంలో నిలబడి ఉంటాయి. కాగితం సక్రమంగా లేని కారణాన ఆలస్యమైన సొమ్ము, ఆమె దృష్టిలో రాని సొమ్ముతో సమానమే.

ఆ సొమ్ము ఊరక వచ్చినది కాదు. 1936 జూలై 30న పుదుచ్చేరిలో సమ్మెలో ఉన్న మిల్లు కార్మికులపై ఫ్రెంచి పాలకులు కాల్పులు జరిపించగా పన్నెండుగురు నేలకొరిగారు. ఆ పోరాటానికి వి. సుబ్బయ్య వంటి నాయకులు వెన్నెముకగా నిలిచారు. మరుసటి సంవత్సరం ఎనిమిది గంటల పనిదినం మొదలైన హక్కులు ఫ్రెంచి ఇండియా కార్మికులకు చట్టరీత్యా లభించాయి. భవిష్యనిధి, గ్రాట్యుటీ, కుటుంబ పింఛను ఈ దేశంలో ఏదీ దానంగా రాలేదు. 1898లో స్థాపితమైన ఆంగ్లో ఫ్రెంచి మిల్లు కూడ 2020 ఏప్రిల్ 30 నాటితో మూతపడినది. మిల్లు మూతపడిన చోట సర్వీసు లెక్కలు తేలి సొమ్ము చేతికి వచ్చేసరికి ఎంత కాలం పట్టునో అనుభవమున్నవారికి చెప్పనక్కరలేదు. ఈలోగా కార్మికుడు కన్నుమూస్తే ఆ హక్కు ఎవరికి సంక్రమించును? పోరాడి సాధించిన దానిని ఇంటి గడప దాకా చేర్చుట కూడ సంఘం బాధ్యతయేనని మేము భావిస్తున్నాము.

ముందుగా నామినేషను సంగతి. మన సభ్యులలో అత్యధికులు ఇరవై, ఇరవైరెండేళ్ళ వయసులో, పెండ్లికి పూర్వమే, ఉద్యోగంలో చేరుతారు. ఆనాడు కంపెనీ గుమాస్తా ముందుంచిన ఫారంలో తల్లి పేరో, అన్న పేరో వ్రాసి సంతకం పెడతారు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళపాటు దాని వంక చూడరు. 1952 నాటి ఉద్యోగుల భవిష్యనిధి పథకంలోని 61వ పేరా ప్రకారం పెండ్లితో ఆ పాత నామినేషను చెల్లనిదగును. కొత్తది దాఖలు చేయవలెను. కుటుంబం కలవాడు కుటుంబ సభ్యులను గాక మరెవరిని నామినేటు చేసినా అది చెల్లదు. ఈ పథకం దృష్టిలో కుటుంబమంటే పురుష సభ్యునికి భార్య, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు, చనిపోయిన కుమారుని భార్యాపిల్లలు. అన్నదమ్ములు ఇందులో లేరు. అన్న తండ్రి అంతటివాడు కావచ్చును గాని భవిష్యనిధి కార్యాలయానికి ఆయన పరాయివాడే.

చెల్లుబాటయ్యే నామినేషను లేని పక్షంలో ఏమగును? సొమ్ము కుటుంబ సభ్యులకు సమాన భాగాలుగా పంచుతారు. అందులో ఈడు వచ్చిన కుమారులకు, భర్త జీవించి ఉన్న వివాహిత కుమార్తెలకు భాగం లేదు, ఇతర అర్హులెవరైనా ఉన్నంతవరకు. ఈ నియమం కొన్ని ఇళ్ళలో న్యాయంగానే ఉంటుంది. కొన్ని ఇళ్ళలో, పుట్టింట ఉండి తండ్రిని చివరిదాకా సాకిన కుమార్తెకు ఒక్క రూపాయి రానీయదు, ఆమె భర్త ఎక్కడో జీవించి ఉన్న కారణాన. తండ్రి ఒక్క ఫారం పూరించి ఉంటే ఈ అన్యాయం జరిగేది కాదు.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటి. వీలునామా వ్రాశాను గదా, అందులో అన్నీ ఉన్నాయి అనుకుంటారు. భవిష్యనిధి కార్యాలయం తన పుస్తకంలోని నామినేషనును చూచును. ఇంటి బీరువాలోని వీలునామాను చూడదు. పింఛను సంగతి మరీ వేరు. 1995 నాటి పథకం క్రింద వితంతువుకు, పిల్లలకు వచ్చే పింఛనును ఎవరూ వీలునామా ద్వారా మరొకరికి మళ్ళించజాలరు. అది చట్టం నేరుగా వారికి ఇచ్చిన హక్కు. గ్రాట్యుటీకి ప్రత్యేకంగా నామినేషను ఇవ్వవలసి ఉన్నది. భవిష్యనిధికి ఇచ్చినది దానికి సరిపోదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం స్థానే 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చినది. ఆ స్మృతులపై అనేక కేంద్ర కార్మిక సంఘాలకు ఉన్న వ్యతిరేకత అలా ఉండగా, నామినేషను నియమం మాత్రం కొత్త స్మృతిలోనూ కొనసాగుతున్నది. మరొక మాట. గ్రాట్యుటీకి అయిదేళ్ళ సర్వీసు కావలెనన్న నిబంధన మరణించిన కార్మికుని విషయంలో వర్తించదు. రెండేళ్ళే పనిచేశాడు గనుక ఏమీ రాదని ఏ యాజమాన్యపు ప్రతినిధి అయినా వితంతువుకు చెప్పి పంపితే, సంఘ కార్యదర్శి వెంటనే ఆ ద్వారం తట్టవలెను.

బ్యాంకులో, బీమాలో నామినీ అంటే సొంతదారుడని కాదు. 1983 డిసెంబరులో సర్బతీ దేవి కేసులో సుప్రీం కోర్టు బీమా విషయమై ఈ సంగతి తేల్చినది: నామినీ సొమ్మును అందుకొనే చేయి మాత్రమే, వారసుల హక్కు వారిదే. 2015లో బీమా చట్టాన్ని సవరించి తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే వారికే లబ్ధి చెందేటట్లు చేశారు. బ్యాంకు ఖాతాకు 2025 నవంబరు 1 నుండి నలుగురి వరకు నామినీలను పెట్టుకొనే వీలు కల్పించారు. అయినను నామినేషను పని బ్యాంకు గుమాస్తా చేతిలోంచి సొమ్మును బయటికి తెచ్చుటతో ముగియును. ఇంటికి వచ్చిన తర్వాత అది ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు వీలునామా, అది లేనిచో వారసత్వ చట్టం.

వీలునామా వ్రాయుటకు స్టాంపు కాగితం అక్కరలేదు. న్యాయవాది అక్కరలేదు. నిర్ణీతమైన భాష గాని, నమూనా గాని లేవు. తెల్ల కాగితం మీద తెలుగులో వ్రాసినది, ఆంగ్లంలో టైపు చేయించిన దానికి ఏ విధంగాను తీసిపోదు. 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 63వ సెక్షను కోరేది స్వల్పమే. వ్రాయించిన వ్యక్తి సంతకం గాని వేలిముద్ర గాని వేయవలెను. కనీసం ఇద్దరు సాక్షులు ఆయన సంతకం చేయుట చూచి గాని, అది తన సంతకమేనని ఆయన నోట విని గాని, ఆయన ఎదుట తామూ సంతకాలు చేయవలెను. సాక్షులు లోపల వ్రాసినది చదువవలసిన పని లేదు. ఆస్తి పొందేవారు సాక్షులుగా ఉండకపోవుట మంచిది. తనకన్న వయసులో చిన్నవారిని, ఊరిలో స్థిరంగా ఉండేవారిని ఎంచుకొనవలెను. వీలునామా కోర్టుకు ఎక్కిన నాడు ఒక సాక్షి అయినా బ్రతికి ఉండి బోనులో నిలబడి చెప్పవలసి ఉంటుంది గదా. మన సభ్యులు గౌరవానికని ఊరి పెద్దలను, ఎనభై ఏళ్ళ మామయ్యను సాక్షిగా పెడుతున్నారు. మర్యాద బాగుగనే ఉన్నది గాని పని జరగదు.

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయినా చేయించుకొనవలెననియే మా సలహా. స్వల్ప రుసుముతో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో అయ్యే పని అది. వ్రాసినవాడు బ్రతికి ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకొనవచ్చును, రద్దు చేసికొనవచ్చును. రిజిస్టరు చేశాము గనుక ఇక మార్చరాదన్న మాట తప్పు. అట్లే, రిజిస్టరైనది గనుక ఇక ఎవరూ ప్రశ్నించరాదన్న మాటా తప్పే. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీం కోర్టు ఒక సూత్రం చెప్పినది. వీలునామా వ్రాయించుటలో తానే ముందు నిలిచి, దానివల్ల తానే ప్రధానంగా లాభం పొందే వ్యక్తి, అందులోని అనుమానాలను తానే నివృత్తి చేయవలెను. మంచం పట్టిన తండ్రి బొటనవేలు పట్టుకొని ఆసుపత్రిలో అర్ధరాత్రి ముద్ర వేయించిన పెద్దకొడుకులకు ఈ తీర్పు అడ్డు వచ్చును. తండ్రి ఆరోగ్యంగా ఉన్నప్పుడే, భార్యాబిడ్డలకు తెలిసే విధంగా, పట్టపగలు వ్రాసిన కాగితానికి ఈ అనుమానాలు ఉండవు. భార్యకు ఎందుకు ఎక్కువ వ్రాశాడో, ఒక కుమారునికి ఎందుకు తక్కువ వ్రాశాడో రెండు వాక్యాలలో కారణం చెబితే ఆ కాగితం మరింత బలపడును.

అందరికీ అన్నీ వ్రాసే హక్కు ఉన్నదనుకొనరాదు. తెలంగాణలో ప్రభుత్వం పేదలకు పంచిన అసైన్డు భూమి 1977 నాటి చట్టం ప్రకారం వారసులకు సంక్రమించును గాని పరాయివారికి బదిలీ కాదు. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను మాత్రమే వ్రాయగలడు. అందులో కుమార్తెలకు కుమారులతో సమాన హక్కు ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి, దేశమంతటా 2005 సెప్టెంబరు 9 నుండి ఇది చట్టం. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీం కోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వచ్చినదని స్పష్టపరచినది. అక్కచెల్లెళ్ళ చేత పసుపు కుంకుమల పేరిట హక్కు వదలుకొన్నట్లు సంతకాలు పెట్టించుకొనే అలవాటు మన సభ్యుల ఇళ్ళలో కూడ లేకపోలేదు. వేదికల మీద సమానత్వం పలికే నోటితో ఇంటిలో అడగవలసిన మాట కాదది.

ఏంబలం ఇంటి పెట్టెలోని తాత దస్తావేజు వద్దకు వద్దాము. పుదుచ్చేరి ప్రాంతాల పాలన 1954 నవంబరు 1న భారతదేశం చేతికి వచ్చినది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న జరిగినది. హిందూ వారసత్వ చట్టం అక్కడ అమలైనది 1963 అక్టోబరు 1 నుండి. అంతకు పూర్వం ఫ్రెంచి న్యాయస్థానాలు పాటించిన హిందూ ఆచారం మదరాసు రాజధానిలో ఉన్నటువంటిది కాదు. అక్కడ తండ్రి జీవించి ఉండగా కుమారులకు పుట్టుకతో వచ్చే వాటా లేదు. ఆస్తిపై తండ్రిదే సర్వాధికారం. కనుక కడలూరు వైపు బంధువుల ఇంట నడిచిన న్యాయం అదే తరం నాటి ఏంబలం ఆస్తికి నడువకపోవచ్చును. పొలిమేర రాయి మాత్రమే తేడా!

ఇంకొక చిక్కు రెనొన్సాంల సంగతి. 1881 సెప్టెంబరు 21 నాటి ఫ్రెంచి డిక్రీ క్రింద తమ ఆచార ధర్మాన్ని వదలుకొని ఫ్రెంచి సివిల్ కోడ్‌ను స్వీకరించినవారు వీరు. హిందూ వారసత్వ చట్టం పుదుచ్చేరి రెనొన్సాంలకు వర్తించదని ఆ చట్టంలోనే ఉన్నది. ఫ్రెంచి కోడ్ ప్రకారం తండ్రి తన పిల్లలను పూర్తిగా త్రోసిపుచ్చి ఆస్తి అంతా ఇతరులకు వ్రాయలేడు. ఒక్క బిడ్డ ఉంటే సగం, ఇద్దరుంటే మూడింట ఒక వంతు, ముగ్గురు గాని అంతకు మించి గాని ఉంటే నాలుగింట ఒక వంతు మాత్రమే ఆయన ఇష్టానికి వదలబడును. అదే కోడ్‌లో తన చేతితో ఆసాంతం వ్రాసి, తేదీ వేసి, సంతకం చేసిన వీలునామాకు సాక్షులు అక్కరలేదు. మన చట్టంలో సాక్షులు లేని వీలునామా చిత్తు కాగితం. తాతగారు ఇట్లే వ్రాశారు గదా అని మనుమడు సాక్షులు లేకుండా వ్రాస్తే తగాదాకు బీజం నాటినట్లే. యానాంలోని మన తెలుగు సోదరులు కూడ తమ కుటుంబం ఏ న్యాయం క్రిందికి వచ్చునో ముందు తెలిసికొని తర్వాతనే కలం పట్టవలెను. ఇటువంటి కుటుంబాలకు మాత్రం న్యాయవాది అవసరమే.

పెట్టెలో అన్నిటికన్న పైనున్న కాగితం అన్నిటికన్న బలహీనమైనది. ముక్త్యారునామా, అనగా పవర్ ఆఫ్ అటార్నీ, ఒకరి తరఫున మరొకరు పని చేయుటకు ఇచ్చే అధికారం మాత్రమే. అది ఆస్తిని బదిలీ చేయదు. 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీం కోర్టు ఈ సంగతి నిష్కర్షగా చెప్పినది. జనరల్ పవర్, అమ్మకపు అగ్రిమెంటు, వీలునామా మూడు కలిపి ఇచ్చినా స్థలంపై యాజమాన్యం కొనుగోలుదారునికి రాదు. రిజిస్టరైన విక్రయ దస్తావేజు కావలసినదే. హైదరాబాదు, విశాఖపట్నం, పుదుచ్చేరి ఏ పట్టణపు శివారులోనైనా ముప్పై ఏళ్ళ పొదుపును ఇటువంటి కాగితంలో పెట్టిన కార్మికులు ఉన్నారు. అమ్మినవాడు బ్రతికి ఉండగానే వెంటబడి రిజిస్ట్రేషను పూర్తి చేయించుకొనుట తప్ప వారికి మేము మరొక మార్గం చెప్పలేము.

ముక్త్యారు విషయంలో రెండవ భ్రమ దీనికన్న ప్రమాదకరమైనది. నాకు ఏమైనా అయితే మా అబ్బాయి చూసుకుంటాడు, పవర్ ఇచ్చాను అంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 201వ సెక్షను ప్రకారం ఇచ్చినవాడు మరణించిన క్షణాన ఆ అధికారం ముగియును. మరణించినప్పుడే కాదు, మతిస్థిమితం కోల్పోయినప్పుడు కూడ. అంటే, పక్షవాతం వచ్చి మాట, తెలివి పోయిన నాడు, సరిగ్గా ఏ రోజుకని కాగితం వ్రాశాడో ఆ రోజుననే అది పనికిరాకుండా పోవును! కొన్ని విదేశాలలో తెలివి తప్పిన తర్వాత కూడ చెల్లే ముక్త్యారునామాలకు చట్టం ఉన్నది. మన దేశంలో లేదు. స్పృహ కోల్పోయిన మనిషి ఖాతాలోని సొమ్ముతోనే ఆయనకు వైద్యం చేయించుటకు భార్య హైకోర్టుకు పోవలసి వచ్చుచున్నది. 2019లో కేరళ హైకోర్టు ఇటువంటి కేసులోనే సంరక్షకుల నియామకానికి మార్గదర్శకాలు ఇచ్చినది. పార్లమెంటు చేయవలసిన పనిని న్యాయస్థానం చేసినది. ఈ లోపాన్ని సరిదిద్దే చట్టం తేవలసిందిగా కార్మికోద్యమం కోరవలసిన సమయం వచ్చినదని మా అభిప్రాయం. ఇది బోనసు వలె ఊరేగింపు తీసే కోరిక కాకపోవచ్చును. అయినా మన కోరికల పత్రంలో దీనికి చోటుండవలెను.

ఈలోగా చేయగలిగినది చేసికొందాము. భార్యాభర్తల బ్యాంకు ఖాతాను ఇద్దరిలో ఎవరైనా తీసుకొనే పద్ధతిలో ఉమ్మడిగా ఉంచుకొంటే ఆసుపత్రి బిల్లు నాడు ఏ ముక్త్యారూ అక్కరలేదు. గల్ఫుకు పోయిన సభ్యులకు ముక్త్యారు నిజంగా అవసరమే. వారు సమస్త అధికారాలు ఇవ్వక, ఫలానా సర్వే నంబరు, ఫలానా పని అని పేర్కొంటూ ప్రత్యేక ముక్త్యారు ఇవ్వవలెను. విదేశంలో వ్రాసిన పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలలలోగా స్టాంపు వేయించవలసి ఉన్నదన్న సంగతిని తరచు మరచుచున్నారు. వైద్యం విషయంలో, కోలుకొనే ఆశ లేని స్థితిలో యంత్రాలపై ప్రాణం నిలుపవద్దని ముందే వ్రాసి ఉంచుకొనే హక్కును 2018 మార్చి 9న సుప్రీం కోర్టు గుర్తించినది. 2023 జనవరిలో దాని పద్ధతిని సులభం చేసినది: ఇద్దరు సాక్షులు, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరణ చాలును. ఉన్న పొలం అమ్మి ఆశ లేని చోట ధారపోసిన కుటుంబాలను చూచినవారికి దీని విలువ బోధపడును. అయితే ఇది ఎవరికి వారు ప్రశాంతంగా తేల్చుకొనవలసిన విషయం. సంఘం చెప్పగలది హక్కు ఉన్నదని మాత్రమే.

మహిళా సభ్యులకు ప్రత్యేకంగా ఒక మాట. బీడీలు చుట్టి గాని, మిల్లులో గాని, అంగన్‌వాడీలో గాని సంపాదించి తన పేర స్థలం కొన్న హిందూ స్త్రీ, భర్త, పిల్లలు లేకుండా, వీలునామా వ్రాయకుండా మరణిస్తే ఆ ఆస్తి మొదట భర్త తరఫు వారసులకు పోవును. కన్న తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతనే. 1956 నాటి చట్టంలోని 15వ సెక్షను ఇట్లు ఉన్నది. అత్తవారు ఇంటినుండి వెళ్ళగొట్టగా పుట్టింట ఉండి సంపాదించినదైనా అంతే. 2025 నవంబరులో సుప్రీం కోర్టు ఈ చిక్కును ప్రస్తావించి స్త్రీలు తప్పక వీలునామా వ్రాసికొనవలెనని కోరినది. చట్టం మారేదాకా మరొక రక్షణ లేదు.

చట్టం భార్యగా గుర్తించని స్త్రీతో సంసారం చేసినవారు మనలో లేరా? ఉన్నారు. చాటుగా చెప్పుకొనే విషయం గనుక అచ్చులో వ్రాయరాదని కొందరంటారు. ముప్పై ఏళ్ళు క్యారియరు కట్టి పంపిన ఆమెకు భవిష్యనిధి నియమాలలో స్థానం లేదు, వారసత్వ చట్టంలోనూ లేదు. ఆమె బిడ్డలకు తండ్రి ఆస్తిలో హక్కును చట్టం ఇచ్చుచున్నది. ఆమెకు ఏదైనా మిగలవలెనంటే తన స్వార్జితంలోనుండి ఆయన వీలునామాలో వ్రాయుట ఒక్కటే దారి. వీధిలో పరువు పోవునని వ్రాయని మనిషి, ఆమెను అదే వీధిలో నిలబెట్టి పోవుచున్నాడు.

పేర్ల గొడవ ఒకటి మిగిలినది. చిన్నదిగా కనబడును గాని క్లెయిములు ఆగిపోయేది చాల వరకు దీనివల్లనే. తమిళ ప్రాంతంలోని తెలుగువారికి ఆధారు కార్డులో తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనిషియలుగా, పాఠశాల పత్రంలో ఇంటిపేరు, భవిష్యనిధి ఖాతాలో రెండూ లేని ఒంటి పేరు ఉంటున్నాయి. రెడ్డి రెడ్డియారు అగును, నాయుడు ఎగిరిపోవును. భార్య పేరు మిల్లు రికార్డులో ముద్దుపేరుగా నమోదైన సందర్భాలూ ఉన్నాయి. మనిషి బ్రతికి ఉండగా ఒక దరఖాస్తుతో సరిపోయే దిద్దుబాటు, పోయిన తర్వాత తహసీలుదారు వారసత్వ ధ్రువపత్రం, కోర్టు సక్సెషన్ సర్టిఫికెట్టు వరకు లాగును.

ఖర్చుకు వెరువనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షను ప్రకారం పారిశ్రామిక కార్మికులు, స్త్రీలు, షెడ్యూల్డు కులాల, తెగలవారు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో ఆ సంస్థ కార్యాలయం ఉన్నది. కార్మికుడన్న గుర్తింపు కార్డు చాలును. ఈ హక్కును మన సభ్యులు ఉపయోగించుకొనుట చాల అరుదుగా చూస్తున్నాము. బహుశా మనమే వారికి చెప్పలేదు.

శాఖా కార్యదర్శులకు మా కోరిక ఒక్కటి. రాబోయే సర్వసభ్య సమావేశంలో తీర్మానాలన్నీ అయి జనం లేచిపోయే వేళకు ఈ విషయం ఎత్తవద్దు, ముందే ఎత్తండి. భవిష్యనిధి, గ్రాట్యుటీ నామినేషను నకళ్ళు ఇవ్వవలసిందిగా యాజమాన్యానికి సభ్యులందరి తరఫున ఒకే లేఖ వ్రాయండి. ఎవరి ఫారంలో ఎవరి పేరున్నదో ఎవరికి వారు చూచుకొననీయండి. పదవీ విరమణకు దగ్గరైనవారి పేర్లు ముందు పిలవండి. ఆ సమావేశానికి సభ్యులు ఒంటరిగా గాక భార్యలను, భర్తలను వెంటబెట్టుకొని రావలసిందిగా నోటీసులోనే వ్రాయండి. రేకు పెట్టె తాళం సాధారణంగా వారి వద్దనే ఉంటుంది.